నాలుగో సూచన

తార్నాకలో వీధులకు పేర్లు తక్కువ, నంబర్లు ఎక్కువ. అలాంటి ఒక నంబరు వీధిలో, కింద క్లినిక్కూ పైన ఇల్లూగా ఉన్న మేడలో అచ్యుతరామయ్యగారు ఆక్యుపంక్చర్ వైద్యం చేసేవారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మామూలు డాక్టరుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, రిటైరయ్యే ముందు ఈ విద్య నేర్చుకుని, రిటైరయ్యాక దీన్నే పట్టుకున్నారు. ఆ వైద్యం పేరు చాలామందికి నోరు తిరగదు గనక ఆయన్ని అందరూ సూదుల డాక్టరు అనేవారు. ఆ మాట ఆయనకు నచ్చదు. నచ్చకపోయినా, ఆటోవాళ్ళకు ఇంటి గుర్తు చెప్పాల్సి వస్తే ఆయనా అదే చెప్పేవారు.

క్లినిక్కులో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద ఒక పెద్ద బోర్డు. పైన "కొత్తగా వచ్చు రోగులకు సూచనలు" అని ఎర్రరంగులో, దాని కింద పద్నాలుగు సూచనలు నల్లరంగులో. అన్నీ "వలెను"తోనో "రాదు"తోనో ముగిసేవే. నాలుగోది ఇలా ఉంటుంది: "ఖాళీ కడుపుతో చికిత్సకు రారాదు. ఒకటి రెండు గంటల ముందుగా మితముగా భుజించి రావలెను." ఆరోది: "చికిత్స దినమున కాఫీ సేవించరాదు." ఆ బోర్డును చివరిదాకా చదివిన రోగి మాత్రం ఇంతవరకూ పుట్టలేదు. నడుం నొప్పితో వచ్చిన మనిషి నిలబడి పద్నాలుగు సూచనలు చదవగలిగితే ఇక డాక్టరుతో పనేముంది?

అందుకే ఆ బోర్డు కింద ఒక బల్ల వేసి కృపారాణిని కూర్చోబెట్టారు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉంటుంది. పొద్దున యూనివర్సిటీలో ఎం.ఏ. క్లాసులు, మధ్యాహ్నం రెండు నుంచి ఏడు దాకా క్లినిక్కు. తండ్రి ఇమ్మానుయేల్ రైల్వేలో ఫిట్టరు. డిగ్రీ అయ్యాక ఆయన కూతురితో ఒకే మాట చెప్పాడు: "నీ చదువు నువ్వు చదువుకుంట అంటే నేనొద్దనను. నాతోని మాత్రం కాదు." కాబట్టి ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ ఎం.ఏ. ఆ సంగతి కృపారాణికి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు.

బోర్డు మీది పద్నాలుగు సూచనల్నీ మనుషులకు అర్థమయ్యేటట్టు నోటితో చెప్పడం ఆమె పని. అది మహా కష్టమైన పని. ఆ రోజుల్లో సూది అంటే మందున్న సూదే. మొదటిరోజే మౌలాలి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, లోపలికి పిలవకముందే గోడవైపు తిరిగి పంచె వదులు చేసుకున్నాడు.

"గాడ కాదు పెద్దయ్యా. మీ మోకాలు నొప్పికి కాళ్ళకే వేస్తరు. సూదిల మందుండదు, ఉత్త సూదే."

"మందు లేని సూదేంది బిడ్డా? మరి నొప్పెట్ల తగ్గుతది?"

"సార్ చెప్తరు. సూది పెట్టినాక ఇరవై నిమిషాలు కదలకుండ పండుకోవాలె. సూది పడ్డకాడ బరువుగ, జివ్వుమన్నట్టు ఉంటది. అది మంచిదే. మంటగ ఉంటే మాత్రం చెప్పాలె, ఓర్చుకోవద్దు."

అప్పటికి ఊళ్ళో గోడల నిండా ఎయిడ్స్ పోస్టర్లు అంటించి ఉన్నాయి గనక రెండో ప్రశ్న ఎవరడిగినా అదే: ఈ సూదులు ఇంతకుముందు ఎవరికైనా వేశారా? కృపారాణి నోటితో జవాబు చెప్పేది కాదు. కొత్త పాకెట్టు వాళ్ళ కళ్ళ ముందు పెట్టి, వాడేసిన సూదులు వేసే డబ్బా చూపించేది. ఆ తర్వాత బీపీ, షుగర్ గోలీలు బంద్ చెయ్యొద్దనేది. కడుపుతో ఉంటే ముందే చెప్పమనేది. సార్ నాలుక చూస్తారు గనక పొద్దున నాలుక గీక్కోవద్దనేది. ఒక్కరోజుకే తగ్గదు, పది సార్లు రావాలె, పది సార్లు వచ్చినా కొందరికి తగ్గకపోవచ్చు అని కూడా చెప్పేది. ఈ చివరి ముక్క అనవసరమని కొందరు రోగులే ఆమెకు సలహా ఇచ్చారు గాని, అది చెప్పి తీరాలన్నది డాక్టరుగారి పట్టుదల.

ఇవన్నీ అయ్యాక రిజిస్టరులో చివరి గడి ఒకటి మిగిలేది. దాని పేరు "తిన్నారా".

"తిన్నరా?" అని అడిగేది కృపారాణి.

"ఆ, తిన్న" అనేవాళ్ళు.

టిక్కు పెట్టి లోపలికి పంపేది. లోపల నుంచి డాక్టరుగారు, చేతులు కడుక్కుంటూ, ప్రతిసారీ అడిగేవారు: "ఏమ్మా, పేషెంటు తిన్నారా?" "తిన్నరు సార్" అనేది. అప్పుడు సూది తీసేవారు. ఏడాదిగా ఆ తంతు ఒక్కరోజు తప్పలేదు.

అలాంటి చోట ఆరు వారాల్లో ముగ్గురు కళ్ళు తిరిగి పడిపోయారు.

మొదటివాడు సంజీవ్. క్యాంపస్ హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నాడు. రాత్రీ పగలూ పుస్తకాల మీద వంగి మెడ పట్టేసింది. నాలుగు సూదులు పెట్టగానే ముఖం తెల్లబడి, చెమటలు పట్టి, బల్ల మీదే వాలిపోయాడు. సూదులు తీసేసి, కాళ్ళు ఎత్తిపెట్టి, తీపి టీ పట్టిస్తే తేరుకున్నాడు. భయపడ్డాడు, అంతే, అనుకున్నారు. రెండోవారు సుబ్బరాయుడుగారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ లెక్కల మాస్టారు. నడుం నొప్పి. ఆయనా అంతే. వయసు కదా, అనుకున్నారు. మూడోది సాలమ్మ.

సాలమ్మ క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంటమనిషి. కుడి జబ్బ పట్టేసి, చెయ్యి భుజం దాటి పైకి లేవదు. గంగాళం దించలేదు, పిండి పిసకలేదు. మెస్సువాళ్ళు తీసెయ్యకుండా కూరగాయలు కోసే పనిలో పెట్టారు గాని, అదెన్నాళ్ళో వాళ్ళకే తెలియదు. కృపారాణి తరచు హాస్టల్లో స్నేహితురాలి దగ్గరికి వెళ్తుంది గనక సాలమ్మతో పరిచయం. "రా అత్తమ్మా, సార్ చెయ్యి మంచిది, భయం లేదు" అని తనే తీసుకొచ్చింది. భుజానికి వీలుగా ఉంటుందని ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి సూదులు పెట్టారు డాక్టరుగారు. మూడో సూదికి సాలమ్మ కళ్ళు తేలేసి స్టూలు మీంచి ముందుకు ఒరిగింది. ఆయన పట్టుకోకపోయి ఉంటే తల బల్ల అంచుకు కొట్టుకునేది. తేరుకున్నాక ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని "ఇగ నాకు సూదులొద్దు బిడ్డా" అని వెళ్ళిపోయింది. అంతటి మంచిమనిషి తిట్టకుండా వెళ్ళిపోతే మనసుకు ఇంకా కష్టంగా ఉంటుంది.

అది గురువారం. ఆ సాయంత్రం రోగులందరూ వెళ్ళాక డాక్టరుగారు రిజిస్టరు తెప్పించుకుని, ముగ్గురి పేర్లున్న పేజీలు తిరగేసి చూశారు. మూడు చోట్లా చివరి గడిలో టిక్కు ఉంది.

"నువ్వు అడిగే టిక్కు పెట్టావా?"

"అడిగిన సార్. ముగ్గురూ తిన్న అన్నరు. ఒట్టు."

"ఒట్టెందుకమ్మా. అడక్కుండా టిక్కు పెట్టే పిల్లవి కాదు నువ్వు. అందుకే చెబుతున్నాను." ఆయన కుడిచేయి చాపి వేళ్ళు విప్పారు. వేళ్ళ చివర్లు సన్నగా వణుకుతున్నాయి. "నెలా పదిహేను రోజుల నుంచి ఇలా ఉంది. పేషెంట్లు తినే వస్తున్నారు, భయపడేవాళ్ళూ కాదు. మరి పడిపోతున్నారంటే సూది సరిగ్గా పడటం లేదన్నమాట. తప్పు వాళ్ళది కాదు, నీది కాదు. ఈ చేతిది."



"శనివారం దాకా చూసి కొత్తవాళ్ళని ఆపేద్దాం. పాతవాళ్ళని కూడా మెల్లగా వేరే డాక్టరు దగ్గరికి పంపించేస్తాను. నెలాఖరుకి మూసేద్దాం. నీకు ముందే చెబుతున్నాను, ఇంకో చోట చూసుకోమ్మా. నేనూ నలుగురికి చెబుతాను."

ఆయన అంత తేలిగ్గా చెప్పడం ఆమెను భయపెట్టింది. కోపంగా చెబితే బతిమాలుకోవచ్చు. తన చేతినే తను నమ్మని డాక్టర్ని ఏమని బతిమాలడం? బస్సులో కూర్చుని వేళ్ళ మీద లెక్కవేసుకుంది. నెలాఖరుకి ఇంకా పదమూడు రోజులు. ఎం.ఏ. రెండో సంవత్సరం ఫీజు కట్టడానికి ఇంకా రెండు నెలలు. ఈలోగా మధ్యాహ్నం పూట మాత్రమే చేసే ఉద్యోగం ఇంకొకటి దొరుకుతుందన్న ఆశ ఆమెకు లేదు.

మరొక సంగతి కూడా ఆమె మనసును పట్టి పీకింది. సాలమ్మను తీసుకొచ్చింది తను. టిక్కు పెట్టింది తను. స్టూలు మీంచి పడబోయిన ఆ మనిషి ముఖం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. శుక్రవారం మొత్తం వాయిదా వేసి, శనివారం పొద్దున క్లాసుకు ముందు హాస్టల్ మెస్సు వెనక్కి వెళ్ళింది. క్షమించమని ఒక మాట అడిగి వద్దామనుకుంది.

సాలమ్మ వంటింటి వెనక గచ్చు మీద కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. పక్కనే పెద్ద గంగాళంలో ఉప్పునీళ్ళు. జబ్బ కదలకుండా మోచేతి కిందినుంచే పని చేసుకుంటోంది. కృపారాణిని చూడగానే ముఖం విప్పారింది. క్షమాపణ ముచ్చట మొదలుపెట్టే సందు కూడా ఇవ్వలేదు.

"రా బిడ్డా, కూసో. తిన్నవా?"

"తిన్న అత్తమ్మా."

"ఏం కూర?"

కృపారాణి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆ పొద్దున ఆమె తిన్నది ఏమీ లేదు. తల్లి ఆసుపత్రి ఆయా డ్యూటీకి ఆరింటికే వెళ్ళిపోతుంది. ఉన్న అన్నం తండ్రి డబ్బాలోకి, తమ్ముడి డబ్బాలోకి పోతుంది. తను చాయ తాగి బస్సెక్కుతుంది. ఇది కష్టాల కథ కాదు, ఆ ఇంట్లో పొద్దుటి పద్ధతి అంతే.

"టమాట" అంది చివరికి.

సాలమ్మ నవ్వింది. "పొద్దుగాల టమాట కూర ఎవరు వండిండ్రు, మీ నాయనా? తిన్నోళ్ళకు కూర యాదికుంటది బిడ్డా. తిననోళ్ళే ఆలోచన చేస్తరు."

లేచి లోపలికి పోయి పళ్ళెంలో వేడి అన్నం, వంకాయ కూర పెట్టుకొచ్చింది. వద్దంటే వినే రకం కాదు. కృపారాణి తలొంచుకుని తినసాగింది. నాలుగు ముద్దలు తిన్నాక ఆమె చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. కడుపులో అన్నం పడ్డాకే బుర్ర పనిచేస్తుందని పెద్దలు ఊరికే అనలేదు.

"అత్తమ్మా, మొన్న క్లినిక్కుల నేను తిన్నవా అని అడిగిన కదా."

"అడిగినవు."

"తిన్న అన్నవు."

"అన్న."

"ఏం కూర?"

కత్తిపీట మీద సాలమ్మ చెయ్యి ఆగింది. వంకాయ సగానికి తెగి ఉండిపోయింది. మెల్లగా చెప్పింది.

"మా ప్రార్థన గుంపుల అమృతమ్మ ఉన్నది కదా, ఆమె చెప్పింది. సాలమ్మ జబ్బ కోసం మూడు దినాలు ఉపవాసం ఉందాం అని. నేనొక్కదాన్నే కాదు, ఎనిమిది మందిమి ఉన్నం. సూది మంచిగ పట్టాలె అనే ఉన్నం. గురువారం నాడు మూడో దినం."

"మూడు దినాలా? ఏం తినకుండనా?"

"మంచినీళ్ళు తాగిన."

"మరి నాకు తిన్న అని ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా?"

సాలమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "గదేంది బిడ్డా, మనిషి కనవడితే తిన్నవా అంటరు, తిన్న అంటరు. తినలే అంటే, నాకింత పెట్టు అని అడిగినట్టు కాదా? డాక్టరు ఇంటికి పోయి అన్నమడుగుతనా?"

"ఉపవాసమని అన్న చెప్పొద్దా?"

"ఉపవాసమున్నమని ఊరంత చెప్పుకుంటే ఫలమేడ ఉంటది?"

"అది అబద్ధం కాదా మరి?"

"అబద్ధమెందుకైతది? మర్యాద."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా ఫలితం లేకపోయింది. కృపారాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడాదిగా తను వందలమందిని అడిగింది. అందరూ తిన్నామన్నారు. ఎవరైనా తినలేదు అన్నట్టు ఒక్కరోజైనా గుర్తుందా? లేదు. పరగడుపున రక్తపరీక్షకు పోయినట్టే సూదులకూ ఖాళీ కడుపుతో పోవాలనుకునేవాళ్ళు ఎంతమందో, శనివారాలూ ఏకాదశులూ ఉండేవాళ్ళు ఎంతమందో, పొద్దున చాయతో సరిపెట్టుకునే తనలాంటివాళ్ళు ఎంతమందో. వాళ్ళలో చాలామంది అదృష్టం కొద్దీ పడిపోలేదు. తను అడిగింది వైద్యం ప్రశ్న, వాళ్ళు చెప్పింది పలకరింపు జవాబు. తను కూడా ఇప్పుడే, ఇక్కడే, ఆలోచించకుండా "తిన్న" అంది కదా.

"నువ్వు సాయంత్రందాంక గీడనే తిరుగుతవు" అంటూ సాలమ్మ ఒక డబ్బాలో కూడా అన్నం, వంకాయ కూర పెట్టి మూత బిగించింది. "నా వంతే ఇస్తున్న, మెస్సుది కాదు."

ఆ రోజు కృపారాణి క్లాసుకు పోలేదు. సంజీవ్ కోసం ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర కాపు కాసింది. అతను నోట్లో నువ్వుగింజ నానని రకం గనక ఎక్కువసేపు పట్టలేదు.

"ఆ రోజు ఏం కూర తిని వచ్చిండ్రు?"

"ఏడ కూర? మూడు రోజులు మెస్ బంద్ ఉండె. ముందురోజు రాత్రి బన్ను తిన్న. మీరు మంచిగ అడిగిండ్రు, తిన్న అని చెప్పిన. లేదంటే ఏం బాగుంటది?"

మిగిలింది సుబ్బరాయుడుగారు. ఆయనను అడగాల్సిన పనే పడలేదు. క్లినిక్కుకు వచ్చి బల్ల పక్కన వేలాడుతున్న క్యాలెండరు తిరగేసి, ఆయన పడిపోయిన తేదీ చూసింది. ఏకాదశి.

డాక్టరుగారు లోపలి గదిలో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయన భార్య చిట్టెమ్మగారు ఇంట్లో ఉండి ఉంటే ఆ వేళకు పైనుంచి పోపు వాసన దిగి వచ్చేది. రెండు నెలలుగా రావడం లేదు. పెద్దకూతురు మనీషాకు పురుడు పొయ్యడానికి ఆవిడ కాకినాడ వెళ్ళారు. డాక్టరుగారు ఒంటిగంటకు యథాప్రకారం పైకి వెళ్తారు, కృపారాణి వచ్చేసరికి కిందే ఉంటారు. "తిన్నరా సార్?" అంటే "అయిందమ్మా" అంటారు.

కృపారాణి నిలబడే మొత్తం చెప్పింది. సాలమ్మ మూడు రోజుల ఉపవాసం, సంజీవ్ మెస్సు, ఏకాదశి. చివర్న, "మీ చేతిది తప్పు కాదు సార్. నేను అడిగిన తీరే తప్పు. నా టిక్కులు ఉత్తవే" అంది. అలా చెప్పేస్తే ఈ ఉద్యోగం ఇప్పుడే పోవచ్చునని ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

ఆయన చిన్నగా నవ్వారు.

"ముగ్గురూ తినలేదా?"

"తినలే సార్."

"ఎంతపని జరిగింది. ముందు వాళ్ళకి నేను క్షమాపణ చెప్పాలి. కొత్త పేషెంటుని స్టూలు మీద కూర్చోబెట్టడం కూడా తప్పే, అది మాత్రం నాదే. పడుకోబెట్టే చెయ్యాలి." కప్పు సాసరులో పెట్టబోయారు. కప్పు సాసరుకు తగిలి టకటకమని చప్పుడు చేసింది. ఆయన నవ్వు ఆగిపోయింది. "వాళ్ళ సంగతి తేలింది. మరి ఇది? ఈ వణుకుతో సూది పట్టుకోవడం ఎలాగమ్మా? మూసెయ్యక తప్పదు."

కృపారాణి ఆ చేతిని చూసింది. ఆ కప్పును చూసింది. పొద్దుటి నుంచి అది ఎన్నో కప్పో. ఆయన వెనకాల గోడకు అవతలే ఆ బోర్డు ఉంది. నాలుగోదీ, ఆరోదీ.

"తిన్నరా సార్?"

"అయిందమ్మా."

"ఏం కూర సార్?"

సూదుల డాక్టరు అచ్యుతరామయ్యగారు, ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వ సర్వీసు చేసినవారు, స్కూలు పిల్లాడిలా కిటికీలోంచి బయటికి చూశారు.

"పప్పు" అన్నారు కాసేపటికి.

"ఏం పప్పు సార్?"

ఆయన కప్పును బల్ల మీద దూరంగా జరిపారు.  కృపారాణికి ఒక్కసారిగా జాలి ముంచుకొచ్చింది. ఇంత పెద్దమనిషిని ఇలా నిలదీయాల్సి వచ్చిందే అని సిగ్గు కూడా కలిగింది.

"అన్నం ఒకసారి వండాను. అడుగంటింది" అన్నారాయన ఆఖరికి. "ఇంకోసారి వండాను. ఉడకలేదు. హోటలు తిండి నాకు పడదు. హార్లిక్స్ ఉంది, బిస్కట్లున్నాయి. ఆకలేసినప్పుడల్లా కాఫీ."

"రెండు నెలల సంది ఇట్లనేనా?"

"అంతే అవుతుంది."

"నేను రోజూ అడిగిన కదా సార్."

"అడిగావు. అయిందన్నాను. నువ్వు అడిగినప్పుడల్లా లేదంటే బాగుంటుందా?" అని, తనన్న మాట తన చెవినే పడి, ఆయన ఆగిపోయారు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. తెలిసిన క్షణం ఎలా ఉంటుందో కృపారాణి ఆ రోజు ఆయన ముఖంలో చూసింది.

ఆమె సంచిలోంచి డబ్బా తీసి, మూత విప్పి ఆయన ముందు పెట్టింది. "సాలమ్మ పెట్టిన వంకాయ కూర సార్. కారం కొంచెం ఎక్కువుంటది."

ఆయన చేతులు కడుక్కొచ్చారు. తెలంగాణ కారానికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఒక్క మెతుకు మిగల్చలేదు. ఆ నీళ్ళు మొత్తం కారానివేనా అని కృపారాణి అడగలేదు.

ఆ సాయంత్రం రామంతాపూర్ నుంచి బుచ్చిబాబు అనే కొత్త పేషెంటు వచ్చాడు. ఆఫీసులో గుమాస్తా, మడమ నొప్పి. తిన్నానన్నాడు. ఏం కూర అంటే తడుముకున్నాడు. వీధి చివర బండి మీద ఇడ్లీ తిని రమ్మంటే నిజంగానే తిని వచ్చాడు గాని, డాక్టరుగారు అతనికి సూది పెట్టలేదు. "నాలుక చూశాను, నాడి చూశాను, ఈ వేళకింతే. వారం తర్వాత రండి" అని పంపేశారు. పాతవాళ్ళనీ అలాగే పంపారు. అందరూ వెళ్ళాక కృపారాణితో అన్నారు: "ఒక్క పూట అన్నానికి వణుకు పోదమ్మా. కాఫీ మానేసి, వారం రోజులు వేళకి తిని చూస్తాను. అప్పుడు కూడా చెయ్యి కదిలితే మాత్రం మూసేద్దాం. తిన్నానన్న నా మాట నమ్మి నాకు కూడా టిక్కు పెట్టెయ్యకు."

ఆ వారం కృపారాణికి ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేం. పక్కవీధిలో వంట చేసి క్యారేజీలు పంపే ఒకావిడను పట్టుకుని రెండు పూటలా భోజనం ఏర్పాటు చేసింది. ప్రతి మధ్యాహ్నం రాగానే ఆయన్ని అడిగేది: ఏం కూర సార్? మొదటి రెండు రోజులూ ఆయన మొహమాటపడ్డారు. మూడోరోజు బెండకాయలో ఉప్పు తక్కువైందని ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు విన్నాక ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఉప్పు తక్కువైందంటే తిన్నట్టే కదా. ఆరోరోజు ఆయన తెల్లకాగితం మీద సూది మొనతో చుక్కలు పెట్టి చూసుకున్నారు. ఒకే గీత మీద వరసగా ఇరవై చుక్కలు. కాగితం తీసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళారు.

మర్నాడు పెయింటరు వచ్చాడు. నాలుగో సూచన చివర ఇంకొక వాక్యం చేరింది: "ఏ కూరతో భుజించిరో చెప్పవలెను." ఆ "వలెను" లేకుండా రాయమని కృపారాణి ఎంత చెప్పినా ఆయన వినలేదు. రిజిస్టరులో చివరి గడి పేరు మాత్రం ఆమె ఇష్టానికి వదిలేశారు. "తిన్నారా" కొట్టేసి "కూర" అని రాసింది. ఆ పేజీలు ఇప్పుడు తిరగేస్తే పేర్ల పక్కన టిక్కులు ఉండవు. గోంగూర, చింతచిగురు, కోడిగుడ్డు, పెరుగూ ఆవకాయ, ఒకచోట "నిన్నటి పప్పే" అని కూడా ఉంటుంది. గడి ఖాళీగా ఉన్న మనిషికి సూది లేదు.

ఆ తర్వాతి గురువారం సాలమ్మ మళ్ళీ వచ్చింది. డాక్టరుగారే కృపారాణితో కబురు పెట్టి పిలిపించారు. ఆమె సగం మనసుతోనే వచ్చింది. గుమ్మంలోనే ఆయన ఎదురొచ్చి, "తప్పు మాదమ్మా, మిమ్మల్ని పడుకోబెట్టి చెయ్యాల్సింది" అన్నారు. డాక్టరు నోటి నుంచి అలాంటి మాట ఎప్పుడూ వినని సాలమ్మ కంగారుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళి బల్ల మీద పడుకుంది. జబ్బ మీద జాకెట్టు సర్దుతూ కృపారాణి ఆమె చెవిలో అడగాల్సింది అడిగింది. రిజిస్టరులో రాసుకుంది.

చేతులు కడుక్కుంటూ డాక్టరుగారు ఎప్పటిలాగే అడిగారు. "ఏమ్మా, పేషెంటు తిన్నారా?"

"సొరకాయ కూర సార్" అంది కృపారాణి.

ఆయన కొత్త పాకెట్టు చింపి సూది తీశారు. సాలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. భయానికి ఏదో ఒకటి మాట్లాడాలి గనక, అలవాటైన మాటే ఆమె నోట వచ్చింది.

"మీరు తిన్నరా సారూ?"

"దొండకాయ వేపుడమ్మా" అన్నారాయన, వణకని చేత్తో మొదటి సూది పెడుతూ.